నడకకు సాక్ష్యం ఎవరిది?



మస్జిదులలో వెనుక వరుసన కుర్చీలు ఏటేటా పెరుగుతున్నాయి. గడ్డపోతారం పారిశ్రామిక వాడలోనూ, కాజీపల్లి, బొల్లారం, పటాన్‌చెరు ప్రాంతాలలోనూ ఆ కుర్చీలలో కూర్చునేవారందరూ వయోవృద్ధులు కారు. నలభై అయిదు నిండని కార్మికులు సైతం కనిపిస్తున్నారు. రియాక్టర్ల దగ్గర షిఫ్టుల తరబడి నిలబడి మోకాళ్లు అరిగినవారు, డ్రమ్ములు దొర్లించి నడుము పట్టేసినవారు, ఘాటైన వాసనల మధ్య ఏళ్లు గడిపి నాలుగడుగులకే ఆయాసపడేవారు. వారిని చూసి కొందరు యువకులు మమ్మల్ని అడుగుతుంటారు: "హజ్రత్, ఆయన ఇంటి నుంచి మస్జిదు దాకా నడిచే వచ్చాడు. మెట్లు ఎక్కాడు. నిలబడి వుజూ చేసుకున్నాడు. సజ్దా మాత్రం చేయలేనంటే నమ్మడమెలా?"

ఇది కొంటె ప్రశ్న కాదు. దీని లోపల రెండు ప్రశ్నలున్నాయి. మనిషి కదలికను దేనితో కొలవాలి? ఆ కొలతలో రోగి మాటకు ఎంత స్థానమివ్వాలి? ఫిఖ్హ్ గ్రంథాలు చదివినవారికి ఇవి పాత ప్రశ్నలే. వైద్య పరిశోధకులు మాత్రం గత పది పదిహేనేళ్లుగా వీటితో తీవ్రంగా కుస్తీ పడుతున్నారు. ఫోన్లు, చేతి గడియారాలు, నడుముకు కట్టే చిన్న పరికరాలు మన అడుగులను లెక్కించే కాలం వచ్చింది గనుక, ఆ చర్చ మన ఇళ్లకు ఎంతవరకు సంబంధించినదో ఈ నెల పరిశీలిద్దాం.

డాక్టరు గారి గదిలో రోగి నడక ఎంత కనిపిస్తుంది? తలుపు దగ్గర నుంచి కుర్చీ వరకు, అంతే. పెద్ద ఆస్పత్రులలో ఆరు నిమిషాల నడక పరీక్ష ఉన్నది. ముప్పై మీటర్ల చదునైన వరండాలో రోగిని ఆరు నిమిషాలపాటు అటూ ఇటూ నడిపించి, ఎంత దూరం నడిచాడో కొలుస్తారు. అమెరికా ఛాతీ వైద్యుల సంఘం 2002లో దీనికి నియమావళి ప్రకటించింది. ఊపిరితిత్తుల వ్యాధులకూ గుండె జబ్బులకూ నేటికీ ఇదే వాడుతున్నారు. నడక వేగాన్ని తేలికగా తీసుకోకూడదని మరో పెద్ద అధ్యయనం చెప్పింది. ముప్పై నాలుగు వేలకు పైగా వృద్ధుల వివరాలను కలిపి పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితం ఇది: మామూలు నడక వేగం ఎంత తక్కువైతే, ఆ తరువాతి ఏళ్లలో బతికి ఉండే అవకాశం అంత తగ్గుతూ వచ్చింది. కనుక నడక అన్నది కాళ్ల సంగతి మాత్రమే కాదు. గుండె, ఊపిరి, నరాలు, కంటిచూపు, మనోధైర్యం అన్నీ కలిసి వేసే అడుగు అది.

కానీ వరండాలో పరీక్ష జరిగే వేళ రోగి పరీక్షకు కూర్చున్న విద్యార్థి వంటివాడు. తెల్లకోటు ఎదురుగా ఉంటే ఒంట్లో లేని సత్తువ కూడా తెచ్చుకుంటాడు. కొందరు అందుకు పూర్తి విరుద్ధంగా బెదిరిపోతారు. ఇంటికి వెళ్లాక ఆ మనిషి ఎలా నడుస్తున్నాడో ఎవరికీ తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో వెలువరించిన వర్గీకరణలో ఈ రెంటినీ వేరు చేసి చూపింది. శరీరం చేయగలిగినది ఒకటి, రోజువారీ జీవితంలో ఆ మనిషి వాస్తవంగా చేస్తున్నది మరొకటి. ఈ రెండవదానిని పట్టుకోవడానికే ఒంటికి కట్టే పరికరాలు వచ్చాయి.

వీటి సామర్థ్యానికి మంచి ఉదాహరణ డూషెన్ అనే కండర క్షీణత వ్యాధి. ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది, ఏడాదికేడాది నడక దెబ్బతింటుంది. ఈ పిల్లలపై కొత్త మందు పనిచేస్తున్నదో లేదో తేల్చాలంటే వరండా పరీక్షే ఆధారంగా ఉండేది. పిల్లవాడు ఆ రోజు అలిగినా, అలసినా, లెక్క మారిపోయేది. అందుచేత చీలమండకు పరికరం కట్టి ఇంటి దగ్గరే వదిలివేశారు. రోజువారీ జీవితంలో ఆ పిల్లవాడు వేసే అంగలలో అత్యంత వేగవంతమైనవాటిని కొలమానంగా తీసుకున్నారు. ఐరోపా ఔషధ సంస్థ దీనిని 2019లో సహాయక ప్రమాణంగా అంగీకరించింది. 2023లో మందు ఫలితాన్ని తేల్చే ప్రధాన ప్రమాణాలలోకి తీసుకున్నది. ఇంటి గడపలోని నడకకు ఆస్పత్రి వరండాతో సమానమైన హోదా అలా దక్కింది.

అదే 2019లో ఐరోపాలో మొబిలైజ్-డి అనే అయిదేళ్ల పరిశోధన మొదలైంది. ఇంగ్లాండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం దీనికి నాయకత్వం వహించింది. పలు దేశాల ఆస్పత్రులు, ఔషధ కంపెనీలు చేతులు కలిపాయి. పార్కిన్సన్ వణుకు వ్యాధి, నరాలను తినివేసే మల్టిపుల్ స్క్లెరోసిస్, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి, తుంటి ఎముక విరిగినవారు - ఈ నాలుగు వర్గాల నుంచి రెండు వేలకు పైగా రోగులు చేరారు. నడుము వెనుక భాగాన చిన్న పరికరం ధరించి ఏడు రోజులు తమ జీవితం తాము గడపడం వారు చేయవలసిన పని. నాలుగింటిలో మూడవది మన పారిశ్రామిక వాడకు పరాయి వ్యాధి కాదని పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ పరిశోధనలో మమ్మల్ని ఆకట్టుకున్నది పరికరం కాదు. ఆ నాలుగు వ్యాధుల రోగులతో అంతకుముందు వేర్వేరు చోట్ల జరిగిన సంభాషణలను పరిశోధకులు ఏరి కూర్చి, నడక అంటే వారికి ఏమిటో 2023లో ఒక వ్యాసంగా ప్రకటించారు. అందులో కాళ్ల నొప్పి ఒక భాగమే. పడిపోతానేమోనన్న భయం, నలుగురిలో నవ్వులపాలవుతానేమోనన్న బిడియం, బయలుదేరే ముందు దారి పొడవునా ఎక్కడెక్కడ ఆగాలో వేసుకునే లెక్క, ఒకరిపై ఆధారపడకుండా ఉండాలన్న తపన - ఇవన్నీ నడకలో భాగాలేనని తేలింది. ఏది కొలవదగినదో తేల్చుకునే ముందు రోగినే అడగాలన్న సూత్రం అందులో ఉన్నది. వినడానికి చిన్న మాట. ఆచరణలో ఎంత అరుదో రోగిష్టి తల్లిదండ్రులను ఆస్పత్రికి తీసుకువెళ్లినవారికి తెలుసు.

ఇక మన ప్రాంతానికి వద్దాం. పటాన్‌చెరుకు సమీపంలోనే రామచంద్రాపురం భెల్ కర్మాగారం ఉన్నది. పల్లె విడిచి పట్నం వచ్చినవారి ఆరోగ్యం ఎలా మారుతుందో తెలుసుకోవడానికి 2005-07 సంవత్సరాలలో జరిగిన భారతీయ వలస అధ్యయనంలో లక్నో, నాగపూర్, బెంగళూరు ఫ్యాక్టరీలతో పాటు హైదరాబాద్ నుంచి ఎంపికైనది ఈ కర్మాగారమే. కార్మికులను, వారి జీవిత భాగస్వాములను, పల్లెల్లోనే ఉండిపోయిన వారి తోబుట్టువులను కలిపి ఆరు వేల అయిదు వందలకు పైగా మందిని పరీక్షించారు. ఒకే తల్లి బిడ్డలలో ఒకరు ఫ్యాక్టరీలో, మరొకరు పొలంలో. 2010లో వచ్చిన ఫలితం ప్రకారం పురుషులలో మధుమేహం పల్లెల్లో నూటికి 6.2 మందికి ఉంటే, వలస వచ్చినవారిలో 14.3 మందికి ఉన్నది. అంటే రెట్టింపుకు పైమాటే.

ఈ అధ్యయనంలో శరీర శ్రమను తెలుసుకోవడానికి పరాయి దేశపు ప్రశ్నావళిని తెచ్చి అతికించలేదు. మన దేశపు జీవనానికి తగినట్లు ఉద్యోగం, ప్రయాణం, ఇంటి పనులు, తీరిక, విశ్రాంతి అన్నింటినీ అడిగే ప్రశ్నావళిని తయారు చేసుకున్నారు. అది ఎంతవరకు నమ్మదగినదో చూడడానికి కదలికను నమోదు చేసే పరికరంతో పోల్చి, ఆ వివరాలు 2012లో ప్రకటించారు. మనుషులు చెప్పినదీ, పరికరం రాసుకున్నదీ పూర్తిగా ఏకీభవించలేదు. దీనిని బట్టి మనుషులు అబద్ధమాడారని తీర్పు చెప్పడం సబబు కాదు. జ్ఞాపకానికి దాని లోపం ఉంటుంది, పరికరానికి దాని గుడ్డితనం ఉంటుంది.

ఆ గుడ్డితనం ఎక్కడున్నదో మన ఇళ్లలోనే చూడవచ్చు. రోజుకు పదివేల అడుగులు నడవాలన్న మాట అందరి నోటా ఉన్నది గదా! అది ఏ వైద్య పరిశోధన నుంచో పుట్టినది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అమ్మకానికి పెట్టిన అడుగుల లెక్క యంత్రం పేరే 'పదివేల అడుగుల మీటరు'. పేరు నోట నిలిచింది, లోకమంతా పాకింది. నడక మంచిదే, అందులో వివాదం లేదు. అయితే అడుగు ఒక్కటే కదలిక అనుకోవడం వల్ల మన జీవితంలో సగం లెక్కకు రాకుండా పోతుంది.

రోజుకు ఫర్జ్ నమాజులు పదిహేడు రకాతులు. రకాతుకు రెండు చొప్పున ముప్పై నాలుగు సజ్దాలు. సున్నత్, విత్ర్ కలిపితే ఇంకా ఎక్కువ. నేల మీద నుంచి లేవడం, మళ్లీ వంగడం, మోకాళ్లపై భారం మోపడం, పాదం మడిచి కూర్చోవడం - ఇందులో అడుగుల యంత్రానికి కనిపించేది దాదాపు శూన్యం. దస్తర్‌ఖాన్ ముందు బాసింపట్టు వేసి కూర్చోవడం, మరుగుదొడ్డిలో గొంతుకూర్చోవడం, నేల మీద పరుపు పరచుకుని పడుకుని లేవడం కూడా అంతే. కుర్చీ నుంచి లేవడాన్ని కొలిచే పరీక్షలు ఆస్పత్రుల్లో చాలాకాలంగా ఉన్నాయి. నేల మీద నుంచి లేవడాన్ని పట్టించుకున్నవారు తక్కువ. బ్రెజిల్ దేశపు వైద్యులు 51 నుంచి 80 ఏళ్ల వయసు గల రెండు వేల మందిని నేల మీద కూర్చోబెట్టి లేపి చూశారు. చేయి, మోకాలు ఆనించకుండా లేవలేకపోయినవారిలో తరువాతి ఏళ్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని 2012లో రాశారు. కుర్చీలు బల్లల దేశంలోనే నేలకు అంత విలువ ఉంటే, నేలే కుర్చీ అయిన మన ఇళ్లలో ఎంత ఉండాలి!

స్త్రీల సంగతి ఇంకా గడ్డు. ఇరుకు ఇంట్లో పొయ్యి నుంచి సింకు వరకు, సింకు నుంచి గుమ్మం వరకు తిరిగే దాదీ అమ్మ రోజంతా కాళ్లమీదే ఉంటుంది. ఆమె ఫోను మాత్రం అలమారలో ఉంటుంది. చేతికి గడియారం కట్టామే అనుకుందాం. రొట్టెల పిండి పిసికే వేళ అది లేని అడుగులు రాసుకోవచ్చు. బిడ్డను చంకనెత్తుకుని, లేదా వాకర్ పట్టుకుని నడిస్తే చేయి ఊగదు గనుక ఉన్న అడుగులు వదిలేయవచ్చు. నడుముకు కట్టే మేలైన పరికరాలు సైతం నెమ్మదైన నడకను, నాలుగైదు అడుగుల తునకలను గుర్తించడంలో ఎక్కువగా తడబడతాయని పరిశోధకులే గుర్తించారు. మన ఇళ్లలో రోగిష్టి ముసలివారి నడక సరిగ్గా అటువంటిదే. యంత్రం ఎవరిని బాగా చూడాలో వారినే సరిగా చూడలేకపోతున్నది.

ఇందువల్ల వాస్తవంగా నష్టపోయేవారున్నారు. మాకు తెలిసిన ఒక కార్మికుడు ఒక కర్మాగారంలో ఏళ్ల తరబడి రాత్రి షిఫ్టులు చేశాడు. ఊపిరి ఆడడం కష్టమై తేలికపాటి పని అడిగాడు. ఫోను తీసి చూపమన్నారు. అందులో ఏడు వేల అడుగులున్నాయి. "నీవు బాగానే తిరుగుతున్నావు" అని పంపేశారు. ఆ అడుగులలో ఎన్నిసార్లు ఆగి గోడ పట్టుకున్నాడో ఫోనుకు తెలియదు. ఇనుప నిచ్చెన ఎక్కి పై అంతస్తుకు చేరేసరికి మాట పెగలని స్థితి దానికి అగుపించదు. లెక్క అబద్ధం కాదు. అడిగిన ప్రశ్నే తప్పు.

ఫిఖ్హ్ ఈ విషయంలో ఎక్కడి నుంచి మొదలవుతుందో చూడండి. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) గారికి మూలవ్యాధి ఉండేది. నమాజు ఎలా చేయాలని దైవప్రవక్త (స) వారిని అడిగారు. నిలబడి చేయమని, అది సాధ్యం కాకుంటే కూర్చుని, అదీ సాధ్యం కాకుంటే పక్కకు ఒరిగి చేయమని ఆయన (స) ఉపదేశించినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. సాధ్యమవుతున్నదో లేదో ఎవరు తేల్చాలి? దీనికి హనఫీ ఫుఖహాలు చెప్పినది ఇది: రోగి తన అనుభవం వల్ల, లక్షణాల వల్ల కలిగిన బలమైన నమ్మకం, లేదా నేర్పరి, నమ్మదగిన వైద్యుని మాట. మొదటి స్థానం రోగి అనుభవానిదే. అసమర్థతను కూడా వారు రెండు రకాలుగా చూశారు. అసలే చేయలేకపోవడం ఒకటి. చేయగలిగినా తీవ్రమైన నొప్పి కలగడం, వ్యాధి ముదరడం, నయం కావడం ఆలస్యమవడం, కళ్లు తిరగడం వంటి భయం ఉండడం రెండవది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో చేసిన విభజనను మొదటిసారి చదివినప్పుడు మాకు ఈ అధ్యాయమే గుర్తుకు వచ్చింది. రెండూ ఒకటేనని మేము అనడం లేదు. శరీరం చేయగలిగినంత మాత్రాన అది ఆ మనిషి పాలిట సాధ్యమైనట్లు కాదన్న గ్రహింపు రెండు చోట్లా ఉన్నది.

కనుక ఆ యువకులకు మా జవాబు ఇది. చదునైన దారిన నడవడానికి మోకాలు కొద్దిగా వంగితే చాలు. సజ్దాకు అది పూర్తిగా మడవాలి, ఆపై శరీరపు బరువు మోయాలి. మొదటిది చేయగలిగినవాడు రెండవది చేయలేకపోవడంలో వింత లేదు. దానికి మీ కళ్లు సాక్ష్యం కావు, మీ ఫోనూ సాక్ష్యం కాదు. ఇక బద్ధకంతో కుర్చీ ఎక్కినవాడెవడైనా ఉంటే అతని లెక్క అల్లాహ్ దగ్గర ఉన్నది, ముఖ్తదీల దగ్గర కాదు.

ఇలా అన్నామని పరికరాలను తోసిపుచ్చుతున్నామని అనుకోవద్దు. రోగి మాటే అన్నివేళలా చాలదు. మన అబ్బాజాన్‌లు ఉన్నారు గదా, ఎలా ఉన్నారని అడిగితే "అల్‌హందులిల్లాహ్, బాగానే ఉన్నాను" అంటారు. కృతజ్ఞత వేరు, సమాచారం వేరు. గత నెలకూ ఈ నెలకూ వారి నడక సగానికి పడిపోయిందని చిన్న యంత్రం చెప్పగలిగితే అది మేలే. పార్కిన్సన్ రోగికి మందు వేసుకున్న గంటకూ వేసుకోని గంటకూ ఉన్న తేడా జ్ఞాపకానికి అందదు, యంత్రానికి అందవచ్చు. అయితే తేడా ఎందుకు వచ్చిందో మనిషే చెప్పాలి. ఆ వారం రమజాన్ కావచ్చు. రాత్రి షిఫ్టు పడి ఉండవచ్చు. ఇంట్లో జనాజా జరిగి ఉండవచ్చు.

మరో వైపు నుంచి కూడా ఇది మన ప్రాంతాన్ని తాకుతుంది. గడ్డపోతారం చుట్టుపక్కల యూనిట్లలో తయారయ్యే ముడి ఔషధాలు దూరదేశాలకు వెళుతున్నాయి. అక్కడ కొత్త మందుల మంచిచెడ్డలను తేల్చే కొలమానాలు రేపు మళ్లీ మన దగ్గరకే వస్తాయి. ఒక మందు ఐరోపా వీధిలో నడక వేగాన్ని పెంచిందని తేలుతుంది. అది జిన్నారం మండలంలో ఒక వృద్ధురాలు ముసల్లా మీద నుంచి చేయూత లేకుండా లేవడానికి పనికివస్తుందా? ఎవరూ అడగకపోతే ఆ జవాబు ఎప్పటికీ దొరకదు. మన నిమ్స్ ఒకప్పటి నిజాం ఎముకల ఆస్పత్రి నుంచి ఎదిగినదే. మన నేల మీద, మన రోగులతో ఈ ప్రశ్న వేయగల వైద్యులు మనకు కొరత కాదు. వేయాలన్న సంకల్పం రావాలి.

పాఠకులకు ఉపయోగపడే ఒకటి రెండు సంగతులు చెబుతాము. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు "కాళ్ల నొప్పులు" అని ఊరుకోకండి. ఏ పని నిలిచిపోయిందో చెప్పండి. "సజ్దా నుంచి లేవడానికి గోడ పట్టుకోవలసి వస్తున్నది", "రంజాన్‌లో తరావీహ్‌కు నిరుడు ఇరవై రకాతులు నిలబడ్డాను, ఈసారి ఎనిమిదికే కూర్చున్నాను", "బస్సు మెట్టు ఎక్కడానికి కండక్టరు చేయి కావలసి వస్తున్నది" - ఇవి ఏ యంత్రమూ ఇవ్వలేని కొలతలు. బిడియం వల్ల తల్లులు మరుగుదొడ్డి ఇబ్బందిని చెప్పరు. కూతురో కోడలో పక్కనుండి చెప్పాలి.

ఎవరైనా పరిశోధన పేరిట పరికరం కట్టుకోమంటే వద్దనవలసిన పని లేదు, ప్రశ్నించకుండా కట్టుకోవలసిన పనీ లేదు. లెక్కలు ఎవరికి చేరతాయి? యాజమాన్యానికి తెలుస్తాయా? చేతి పరికరం బిగుతుగా ఉంటే వుజూలో దాని కిందికి నీరు చేరేలా కదపాలి లేదా తీయాలి. నడుముకు పరికరాన్ని బెల్టుతో గానీ, చర్మానికి అంటించే పట్టీతో గానీ నిలుపుతారు. బెల్టుతో చిక్కు లేదు. పట్టీ అయితే గుస్ల్‌కు తీయవలసి ఉంటుంది. గాయానికి కట్టే పట్టీపై మసహ్‌కు ఉన్న అనుమతి గాయం లేనిచోట వర్తించదు. పరిశోధకులకు ఈ సంగతి తెలియక పట్టీ అంటిస్తారు, మనవారు మొగమాటానికి ఏమీ అనక ఇంటికి వచ్చి పీకేస్తారు. వారి కాగితంలో అది 'సహకరించని రోగి' అవుతుంది. ముందే నోరు తెరిచి బెల్టు అడిగితే రెండు పక్షాలకూ మేలు.

సంతకం పెట్టే కాగితం మీకు వచ్చిన భాషలో ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమావళి ప్రకారం పరిశోధనలో చేరినవారు ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే, తప్పుకోవచ్చు. అందువల్ల వారికి అందే చికిత్సకు లోటు రాకూడదు. 2023లో పార్లమెంటు ఆమోదించి దశలవారీగా అమలులోకి వస్తున్న డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమ్మతి కోరే నోటీసును రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలు ఉండాలంటున్నది. ఆ షెడ్యూలులో తెలుగు ఉన్నది, ఉర్దూ ఉన్నది.

కుర్చీలో నమాజు చేసేవారు సఫ్‌లో కుర్చీ ఎక్కడ వేసుకోవాలి, ఖియాం చేయగలిగి సజ్దా చేయలేనివారు నిలబడాలా కూర్చోవాలా అన్న విషయమై ఉలమాల అభిప్రాయాలను వచ్చే సంచికలో వివరంగా చర్చిద్దాం, ఇన్షా అల్లాహ్.